రాజన్నకు మొక్కిన జుట్టు

మా చర్చిలో ఆడవాళ్లకు ఒక పాత అలవాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు ఆ డబ్బా సంచిలో పెట్టుకొచ్చి చర్చి వెనక వంటగదిలో ఉన్న పెద్ద గంపలో కుమ్మరిస్తాం. పిడికెడు బియ్యం అంటారు దీన్ని. మా అమ్మ కాలంలో ఆ బియ్యం అమ్మి సంఘం ఖర్చులకు వాడేవారు. ఇప్పుడు కరీంనగర్ బస్టాండులోనూ, రైల్వే స్టేషన్ దగ్గరా, మూసిన దుకాణాల అరుగుల మీదా పడుకునేవాళ్లకు ఆదివారం మధ్యాహ్నం వండి పెడుతున్నాం.

వినడానికి బాగానే ఉంటుంది. బాధేమిటో వండేవాళ్లనడగాలి. ఒకరింటి నుంచి సన్నబియ్యం, ఒకరింటి నుంచి రేషన్ దొడ్డుబియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి నిన్ననే మిల్లు పట్టించిన కొత్తవి. అన్నీ ఒకే గంపలో. దొడ్డుబియ్యం ఉడికేసరికి సన్నబియ్యం జావైపోతుంది. మొదట్లో నేను వండిన అన్నం చూసి మా పాస్టరుగారు, మేము అయ్యగారు అంటాం, "అక్కా, గిది అన్నమా, గంజా?" అని నవ్వారు. "అయితె మీరొచ్చి వండుండ్రి అయ్యగారూ, నేను పోయి వాక్యం చెప్త" అన్నాను. ఆ తర్వాత పెసరపప్పు వేసి కిచిడీ చేయడం మొదలుపెట్టాను. కిచిడీలో ఎవరి బియ్యమూ బయటపడదు.

నేను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. నాకు నోరెక్కువ అని సంఘంలో పేరు. జనరల్ వార్డులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు మెత్తటి నోరు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక్కో మంచానికి ముగ్గురేసి చుట్టాలు కూర్చునే చోట గొంతు పెంచకపోతే సూది కూడా వేయనివ్వరు.

ఒక ఏడు మా పంక్తికి కొత్తగా ఒకతను రావడం మొదలుపెట్టాడు. యాభై ఏళ్లుంటాయేమో. చొక్కా మాసిపోయి, కాళ్లు పగిలి ఉండేవి గాని, జుట్టు మాత్రం నడుం దాకా పెంచి, గుడ్డపీలికతో ముడి వేసుకునేవాడు. గడ్డం గుండెల మీదికి ఉండేది. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. విస్తరాకు రెండు చేతులతో అందుకుని, అందరిలా గోడ నీడకు పోకుండా, గేటు దగ్గర రోడ్డు వైపు తిరిగి కూర్చుని తినేవాడు. బస్సు పోతుంటే ముద్ద ఆపి చూసేవాడు. మతి సరిగా లేదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కాని ఆ జుట్టులో ఒక్క పేను లేదు. నర్సు కన్ను కదా, అది కనిపెట్టింది. బస్టాండు నల్లా కింద రోజూ కడుక్కుంటాడని తర్వాత తెలిసింది.

క్రిస్మస్‌కు ముందు మా సంఘం ప్రేమ విందు పెడుతుంది. ఆ రోజు కిచిడీ కాదు, కోడికూర. ఇల్లు లేనివాళ్లందరినీ ఆటోల్లో తీసుకొచ్చి, మంగలివాళ్లను పిలిపించి క్షవరం చేయించి, స్నానం పోయించి, కొత్త బట్టలూ దుప్పటీ ఇస్తారు. ఈ ఏర్పాట్లన్నీ చూసేది మా సంఘ పెద్దల్లో ఒకాయన. ఇంజనీరుగా రిటైరయ్యాడు. కష్టపడే మనిషే, చేతికి ఎముక లేదు. కాని ఫోటో దిగందే ఆయనకు మంచిపని జరిగినట్టే అనిపించదు. క్షవరానికి ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో, రెండూ పక్కపక్కన వేసి గేటుకు ఫ్లెక్సీ కట్టించేవాడు. "పెండ్లిపిల్లను చూపినట్టు గా ఫోటోలెందుకన్నా?" అని నేను ప్రతి ఏడూ అనేదాన్ని. "దేవుని పని నలుగురికి తెలువాలె గదమ్మా" అనేవాడు.

ఆ ఏడు నేను వంటగదిలో కూర కలుపుతుంటే ఆవరణలోంచి ఒక కేక వినబడింది. ఆసుపత్రిలో కూడా అలాంటి కేక తక్కువే విన్నాను. గరిటె చేత్తోనే పరుగెత్తాను. నేను వెళ్లేసరికే అయిపోయింది. నడుం దాకా జుట్టున్న ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, యువజనుల్లో ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. మంగలి కత్తెర పక్కన పెట్టి మిషను తిప్పుతున్నాడు. ఆ జుట్టు ముడి నేల మీద పడి ఉంది. పట్టుకున్న పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. "ఏం గాదు బాబాయ్, మంచిగైతవ్, జర ఓర్సుకో" అని బుజ్జగిస్తూనే ఉన్నారు. మతిలేనివాడు భయపడుతున్నాడనుకున్నారు. ఇంజెక్షన్ అంటే పిల్లలు ఏడ్చినట్టు ఏడుస్తున్నాడనుకున్నారు.

వదిలిపెట్టగానే అతను అద్దం వైపు చూడలేదు. నేల మీదికి వంగాడు. అప్పటికే ఊడ్చేవాళ్లు అందరి జుట్టూ కలిపి ఒక గోనెసంచిలోకి ఎత్తేశారు. అతను ఆ సంచి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి లోపల పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. నల్లదీ తెల్లదీ, ఎవరిదో ఎర్రగా రాగిపట్టినదీ, పిడికెళ్లతో తీసి చూసుకుని మళ్లీ లోపల వేస్తున్నాడు. నేను గరిటె పక్కన పెట్టి అతని పక్కన కూర్చున్నాను.

"ఏమైంది తమ్మీ?" అన్నాను.

అతను తల ఎత్తాడు. ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి. ఏ వంకరా లేదు, మతి తప్పిన మాట ఒక్కటి లేదు.

"రాజన్నకు మొక్కుకున్న జుట్టమ్మా" అన్నాడు. "నా భార్య దొరికితెనే ఇస్తనని మొక్కిన. ఆమె దొరకకముందే జుట్టు పోయింది. ఇగ ఆమె దొరకది."

అక్కడే, ఆ జుట్టు సంచి పక్కనే, మిగతాదంతా చెప్పాడు. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడట, అంటే మరమగ్గాలు. భార్యకు పుట్టు చెవుడు, మాట రాదు. పిల్లల్లేరు. కొన్నేళ్ల కింద శివరాత్రి జాతరకు ఇద్దరూ వేములవాడ రాజన్న గుడికి పోయారు. ఆమెను ఒక చోట కూర్చోబెట్టి నీళ్లు తేవడానికి పోయాడు. జనం ఒక్కసారి నెట్టుకొచ్చారు. తిరిగొచ్చేసరికి ఆమె లేదు. అలాంటి మనిషి కరీంనగర్ బస్సు ఎక్కిందని ఎవరో చెప్పారు. ఠాణాలో చెప్పుకున్నాడు, ఊళ్లు తిరిగాడు. సాంచాల పని పోయింది, గది పోయింది. ఆమె తప్పిపోయిన రోజే గుడి ముందు మొక్కుకున్నాడు, ఆమె దొరికేదాకా తలకు కత్తెర తగలనివ్వననీ, దొరికాక ఇద్దరం కలిసొచ్చి ఇచ్చుకుంటామనీ. ఏ బస్సులో ఎక్కిందో ఆ బస్సులోనే దిగుతుందని మా బస్టాండులో ఉండిపోయాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేము అడగకుండా పెట్టాం, సరే. అడగకుండా గొరిగేశాం కూడా. ఇన్ని ఆదివారాలు మా చేతి కూడు తిన్నాడు, నీ ఊరేదయ్యా, నీ కష్టమేందయ్యా అని ఒక్కరమైనా అడిగామా? అడిగితే నోరేమన్నా అరిగిపోతుందా? నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిందో కూడా తెలియలేదు.

అతను భోజనం ముట్టలేదు. కొత్త దుప్పటి మడత విప్పకుండానే కుర్చీ మీద పెట్టి గేటు దాటి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. నేను కిచిడీ డబ్బాలో పెట్టుకుని బస్టాండుకు వెళ్లాను. మంచిర్యాల బస్సులు ఆగే చోట స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. జ్వరం చేతికి తెలుస్తోంది. ఇదివరకు బస్సు రాగానే లేచి, దిగేవాళ్లందరి మొహాలూ చూసేవాడని అక్కడి టీకొట్టతను చెప్పాడు. ఇప్పుడు బస్సు వచ్చినా తలెత్తడం లేదు. తిండి మానేశాడు. ఇలాంటివాళ్లను వార్డులో చాలామందిని చూశాను. మందుకు లొంగని జబ్బు అది. ఆమె దొరకదని నమ్మిన మనిషి ఇక దేనికి బతకాలి?

ఆ ఆదివారం ఆరాధన కాగానే పెద్దల కూటంలోకి పిలవకుండానే వెళ్లి కూర్చున్నాను.

"ఆయన భార్యను మనం దేవులాడాలె, ఎక్కడున్నా వెతికి పట్టాలె" అన్నాను.

మా ఇంజనీరన్న ఉలిక్కిపడ్డాడు. "మనమేమన్న పోలీసులమా అమ్మా? జ్వరానికి మందిప్పిద్దాం, దవాఖానల చేర్పిద్దాం. గా మొక్కులు గిక్కులు మనకెందుకు? మనం జుట్టు తీసినందుకు ఆమె దొరకకుంట పోతదా? గది మూఢనమ్మకం గదా!"

"మీ నమ్మకం మీది, ఆయన నమ్మకం ఆయనది" అన్నాను. "మీ మనుమడు దవాఖానల ఉన్నప్పుడు, వాడు మంచిగయ్యేదాక పొద్దుకొక్క పూటనే తింటనని మీరు దేవునికి మాటిచ్చిన్రు. నాకు యాదికున్నది. గప్పుడు ఎవడన్న వచ్చి మిమ్మల్ని కుర్సీల కూసోబెట్టి, ఇద్దరు పట్టుకొని, నోట్లె బువ్వ కుక్కితె ఎట్లుంటుండె? మీ మంచికే అని గూడ చెప్తుంటె?"

మా అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అక్క చెప్పింది నిజం" అన్నారు. "మొక్కు మనం చెడగొట్టినం. తిరిగి అతికిచ్చేది మన చేతుల లేదు. దేవులాడుడైతె మన చేతుల ఉన్నది."

ఆ సాయంత్రం అయ్యగారు బస్టాండుకు వచ్చారు. తెల్ల అంగీ, చేతిలో బైబిలు ఏమీ లేవు. మామూలు చొక్కాతో వచ్చి అతని పక్కన, ఆ ఉమ్ములు పడ్డ నేల మీదనే కూర్చున్నారు. "తప్పైంది తమ్మీ, మేం అడగాల్సి ఉండె" అన్నారు. అతను ఆ మాట వినిపించుకున్నట్టే లేదు. చాలాసేపటికి, "ఆమె దొరుకుతదా సారూ?" అని ఒక్క మాట అడిగాడు. దొరుకుతుందని అయ్యగారు అనలేదు. "దేవులాడుతం" అన్నారు. అందుకే ఆ మనిషంటే నాకు గౌరవం.

అతన్ని తీసుకొచ్చి సండే స్కూలు గదిలో పడుకోబెట్టాం. మందులు నేనే వేశాను. ఆమె ఫోటో అతని దగ్గర లేదు. గుర్తులు అడిగితే, చెవులు వినబడవు, మాట రాదు, ఎడమ చెవి తమ్మె కమ్మలకు తెగి ఉంటుందన్నాడు. అయ్యగారు ఆ గుర్తులు మంథని నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న పాస్టర్లందరి వాట్సాప్‌లోకి పంపించారు. ఆదివారం ప్రకటనల్లో పెళ్లిళ్లతో, పుట్టినరోజులతో పాటు ఇది కూడా చదవమని కోరారు. సాయంత్రానికి జవాబులు వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మలు! వరసగా అవే. "ప్రార్థిస్తున్నాం బ్రదర్", మళ్లీ చేతులు. నాకు నెత్తి మీద నీళ్లు పోస్తే మసిలేలా ఉంది.

"అందరు చేతులు జోడిస్తె ఇగ దేవులాడెటోళ్లెవరు అయ్యగారూ?" అని నంబర్లన్నీ తీసుకుని నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అయ్యగార్లతో పని కాదని తెలుసు, అందుకే అమ్మగార్లను, అంటే వాళ్ల భార్యలను, పిలవమనేదాన్ని. ఏ చర్చిలో ఎవరు వరండాలో పడుకుంటున్నారో, ఎవరు గిన్నెలు కడిగి రెండు ముద్దలు తిని పోతున్నారో వాళ్లకే తెలుస్తుంది.

చెన్నూరు నుంచి మొదటి కబురు వచ్చింది. గోదావరి రేవు దగ్గర ఒక మూగామె తిరుగుతోందని. కారు తీసుకుని వచ్చింది ఎవరనుకున్నారు? మా ఇంజనీరన్నే. నేనడగలేదు. పొద్దున్నే వచ్చి గేటు ముందు హారన్ కొట్టాడు. ముందు సీట్లో అతను, వెనక నేను. అతను అద్దంలోంచి రోడ్డు పక్కన నడిచే ప్రతి ఆడమనిషినీ చూస్తున్నాడు.

ఆమె కాదు. దూరం నుంచే తెలిసిపోయింది అతనికి. అయినా దగ్గరికంటా పోయి, ఆ పరాయి మూగామె ముందు చేతులు జోడించి, తిరిగొచ్చి కారులో కూర్చున్నాడు. మా అన్న దారిలో ఆపి టీ తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు. టీ చల్లారి మీగడ కట్టింది. మా అన్న ఆ గ్లాసు తీసుకుని పారబోసి ఇంకో వేడి టీ తెచ్చాడు. అదీ అలాగే చల్లారింది. అప్పుడు మా అన్న కారు అవతలికి పోయి నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను. ఆ రోజు ఫోటోలు లేవు.

ఎండలు ముదిరి ఈస్టరు దగ్గర పడ్డాక ఇంకో ఫోన్ వచ్చింది. నిర్మల్ దాటి ఘాటు ఎక్కి దిగాక, ఆదిలాబాద్ రోడ్డు మీద ఒక చిన్న ఊరు. అక్కడి చర్చి వెనక రెండు గదుల్లో దిక్కులేని ఆడవాళ్లు కొందరుంటారు. వాళ్లను చూసుకునే ముసలామె మాట్లాడింది. మహారాష్ట్ర దగ్గర కదా, మాటలో మరాఠీ కలిసి ఉంది.

"మా కాడ ఒక బాయి ఉన్నదమ్మా. బస్సులకెల్లి దించేసి పోయిన్రు. మాట్లాడది, వినది. మేమే ఒక బైబిలు పేరు పెట్టినం."

"వినబడనామెకు పేరెందుకు పెట్టిన్రు?" అన్నాను.

"మరి పిలువాలె గదా!" అంది.

నాకు నవ్వొచ్చింది. "ఎడమ చెవి జర చూడుండ్రి" అన్నాను. ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. గిన్నెల చప్పుడు.

"తెగి ఉన్నది" అంది.

అతనికి చెప్పాలా వద్దా అని అయ్యగారూ నేనూ కాసేపు తర్జనభర్జన పడ్డాం. చెన్నూరు టీ గ్లాసు నాకు కళ్లలో మెదులుతూనే ఉంది. ముందు మనమే పోయి చూసొద్దామని అయ్యగారు అన్నారు. వద్దన్నాను. ఆయన భార్య, ఆయన ఆశ, ఆయన్నే అడుగుదాం అన్నాను. అడిగితే అతను చెప్పులేసుకుని నిలబడ్డాడు.

బస్సులో పోయాం ఇద్దరం. నిర్మల్‌లో బస్సు మారాం. అక్కడ దుకాణంలో కొయ్యబొమ్మలు చూసి, "ఆమెకు గిసొంటియి ఇష్టం" అన్నాడు. మళ్లీ తనే, "ఆమె గాకపోతె?" అన్నాడు. "కాకపోతె ఇంకో ఊరు పోదాం తమ్మీ, బస్సులకేం కరువా?" అన్నాను.

మేము పోయేసరికి చర్చి వెనక నల్లా దగ్గర ఒకామె కూర్చుని గుండిగ తోముతోంది. మా వైపు వీపు. పిలిస్తే వినబడదు కదా. అతను చుట్టూ తిరిగి ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసింది. అతనిది పొట్టి జుట్టు, ఎముకలు తేలిన మొహం. ఎవరో పరాయివాడనుకున్నట్టుంది, మళ్లీ తోముకోవడం మొదలుపెట్టింది. అప్పుడతను వంగి, కుడిచేతిని ఆమె కళ్ల ముందు అటూ ఇటూ వేగంగా ఆడించాడు. మగ్గంలో దారం మోసే నాడె పోయి వచ్చినట్టు. అతన్ని పిలవాలంటే ఆమె చేసే సైగ అదేనట.

గుండిగ చేతిలోంచి జారి బండ మీద పెద్ద చప్పుడైంది. ఆమె లేచింది. లేచి, అతన్ని కొట్టింది! బూడిద చేతులతో, తడి చేతులతో, గుండెల మీదా భుజాల మీదా ఎడాపెడా కొట్టింది. ఎక్కడికి పోయావు, నీళ్లు తెస్తానని చెప్పి ఎక్కడికి పోయావు అని ఆ దెబ్బల్లోనే ఉంది. అతను ఒక్క దెబ్బ తప్పించుకోకుండా నిలబడ్డాడు. చొక్కా నిండా బూడిద. ముసలామె పరుగెత్తుకొచ్చి, "ఏందిది, ఏందిది" అంటూ ఆపబోతే చెయ్యి పట్టుకున్నాను. "కొట్టనియ్యుండ్రి" అన్నాను. నేను బోరున ఏడుస్తున్నాను. సంతోషానికి అంత ఏడుపు వస్తుందని నాకు ఆ వయసులో తెలిసింది.

ఇద్దరినీ కరీంనగర్ తీసుకొచ్చాం. సిరిసిల్లలో మళ్లీ సాంచాల దగ్గర పనీ, ఉండడానికి ఒక గదీ మా ఇంజనీరన్నే తెలిసినవాళ్లతో మాట్లాడి కుదిర్చాడు. సంఘంలో అందరూ దేవుడికి స్తోత్రం అన్నారు, సాక్ష్యం చెప్పించాలన్నారు. అతను మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, సిరిసిల్లకు పోకముందు రాజన్న కాడికి పోవాలె. నువ్వు గూడ రావాలె" అన్నాడు.

అతని తల మీద జుట్టు అప్పటికి నాలుగు వేళ్ల పొడుగు పెరిగింది. "గింత జుట్టు సరిపోతదా తమ్మీ?" అన్నాను.

"రాజన్నేమన్న కొలుస్తడా అమ్మా?" అన్నాడు.

నేను వస్తానన్నాను. సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి, చర్చి వంట చేసే మనిషి గుడికి పోతుందట అని. "నేను గుడిలకు పోతలేను, వాళ్లతోని బస్సుల పోతున్న" అన్నాను. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు. పొద్దున్నే మమ్మల్ని బస్టాండులో దింపింది కూడా మా ఇంజనీరన్నే. నేను టికెట్ల దగ్గర ఉంటే అతనూ మా అన్నా పక్కకు నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. నేను పట్టించుకోలేదు.

వేములవాడలో వాళ్లిద్దరూ లోపలికి పోయారు. నేను బయట ఒక దుకాణం బల్ల మీద వాళ్ల సంచులు పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు ఒకటే బెంగ. వాళ్లు ప్రసాదం తెస్తారు. మేము దేవుళ్లకు పెట్టింది తినం. చిన్నప్పటి నుంచి అంతే. పక్కింటివాళ్లు పండగనాడు తెచ్చి ఇస్తే తలకాయ నొప్పనో, తర్వాత తింటాననో ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఈ మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? తినకపోతే అతని మనసు నొచ్చుకుంటుంది. తింటే నా మనసు. దేవుడా, ఏం చెయ్యమంటావు అని నిజంగానే ప్రార్థన చేశాను.

చాలాసేపటికి వచ్చారు. అతనిది నున్నటి గుండు, దాని మీద గంధం. ఆమె మూడు కత్తెర్లు ఇచ్చింది, నుదుటన బొట్టు. ఆమె చేతిలో లడ్డూ పొట్లం ఉంది. ఆమె దాన్ని విప్పి నాకు ఇవ్వబోయింది. అతను చప్పున ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, తన చొక్కా జేబులోంచి ఇంకో పొట్లం తీశాడు.

"గిది నీదమ్మా" అన్నాడు. విప్పితే పల్లీపట్టీలు. "గుడిలది గాదు. అగో, గా దుకాణంల కొన్న. లోపటికి గూడ తీస్కపోలే. మీరు దేవుని కాడ పెట్టింది తినరట గదా. పొద్దుగాల బస్టాండుల పెద్దసారును అడిగిన, అమ్మ ఏం తింటది, ఏం తినది అని."

"అడుగుడెందుకు తమ్మీ" అన్నాను ఎలాగో.

"గట్లెట్లమ్మా? మనకు తెలువనప్పుడు అడగాలె గద" అన్నాడు.

ఆ మాటలో దెప్పు లేదు. మామూలుగా అన్నాడు, దుమ్ము పడకుండా పొట్లం మూస్తూ అన్నాడు. నేను ఆ నడిబజారులో, పల్లీపట్టీ చేత్తో పట్టుకుని, మొహం కప్పుకోకుండా ఏడ్చాను. ఆమె గాబరాపడి తన కొంగుతో నా కళ్లు తుడిచింది. తుడుస్తూనే అతని వైపు తిరిగి, అమ్మను ఏమన్నావని చేత్తో గద్దించి అడిగింది. ఏమీ అనలేదే, అన్నట్టు అతను గుండు అడ్డంగా ఊపాడు.